మైక్రోచిప్‌పై నమూనాను వేడిచేస్తూ ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో ప్రత్యక్షంగా చూడటం: సమగ్ర మార్గదర్శి

చిప్ పగిలిపోయింది, ఎక్కడ తప్పు జరిగింది? తెరపై కనిపించే 600 డిగ్రీలు నిజంగా 600 డిగ్రీలేనా? కణాలు కలిసిపోయింది వేడి వల్లనా, ఎలక్ట్రాన్ పుంజం వల్లనా? ట్రాన్స్‌మిషన్ ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో (ఎలక్ట్రాన్ పుంజాన్ని నమూనా గుండా పంపి బొమ్మ తీసే పరికరంలో) మైక్రోచిప్‌ను, అంటే నమూనాను మోస్తూ వేడిచేసే చిన్న సిలికాన్ ముక్కను, కొత్తగా వాడుతున్నవారు మళ్ళీ మళ్ళీ అడుగుతున్నవి ఈ మూడు ప్రశ్నలే. వీటికి జవాబు మైక్రోస్కోపు గదిలో కంటే, అక్కడికి వెళ్ళకముందు బల్ల మీద చేసే పనిలోనే ఎక్కువగా ఉంటుంది. అందుకే ఈ మార్గదర్శిలో తయారీకి పెద్దపీట వేశాను. ప్రధానంగా వేడిచేసే చిప్‌ల గురించే రాశాను. ద్రవంలో పరిశీలించే చిప్‌లకు వర్తించే ప్రత్యేక జాగ్రత్తలు 8వ భాగంలో ఉన్నాయి.

1. ముందు ప్రశ్న, తరువాత చిప్

ఏం చూడాలనుకుంటున్నారో ఒక్క వాక్యంలో రాయలేకపోతే చిప్ పెట్టె తెరవకండి. "నికెల్ కణాలు ఏ ఉష్ణోగ్రత దగ్గర ఒకదానితో ఒకటి కలుస్తాయి" అన్నది ప్రశ్న. "వేడి చేస్తే ఏమవుతుందో చూద్దాం" అన్నది ప్రశ్న కాదు. మొదటిదానికి ఏ కిటికీ, ఎంత ఉష్ణోగ్రత, ఎంత వేగం, ఎంత స్పష్టత కావాలో వెంటనే తేలిపోతుంది.

వేడిచేసే చిప్ నిర్మాణం క్లుప్తంగా ఇది. కొన్ని మిల్లీమీటర్ల వెడల్పున్న సిలికాన్ చట్రం మధ్యలో సిలికాన్‌ను వెనుకవైపు నుంచి తొలిచివేస్తారు. అక్కడ పలుచని సిలికాన్ నైట్రైడ్ పొర మాత్రమే గాలిలో వేలాడినట్టు మిగులుతుంది. దాని మీద ప్లాటినం, టంగ్‌స్టన్, మాలిబ్డినం వంటి లోహంతోగాని, విద్యుత్తును ప్రసరింపజేసే సిరామిక్‌తోగాని చేసిన హీటర్ ఉంటుంది. హీటర్ ప్రాంతంలో ఎలక్ట్రాన్లు దాటిపోగలిగేంత పలుచని కిటికీలు, లేదా పూర్తిగా తెరిచిన రంధ్రాలు ఉంటాయి. వేడెక్కే భాగం ఇంత చిన్నది కనుకనే మిల్లీసెకన్లలో వేడెక్కి, మిల్లీసెకన్లలో చల్లారగలదు.

కిటికీని ఇలా ఎంచుకోండి:

- పొడి కణాలను ఓ మోస్తరు స్పష్టతతో చూడాలంటే పలుచని నైట్రైడ్ కిటికీ చాలు.
- పరమాణు స్థాయి స్పష్టత కావాలంటే రంధ్రాలున్న చిప్ తీసుకోవాలి. నైట్రైడ్‌కు స్ఫటిక క్రమం లేదు కనుక అది బొమ్మ మీద మసక పొరలా పరుచుకుంటుంది.
- రంధ్రాల మీద కార్బన్ పొర ఉన్న చిప్‌లను ఇనుము, నికెల్ వంటి లోహాలకు వాడవద్దు. వేడికి అవి కార్బన్‌ను తమలో కలుపుకుంటాయి. చాలా ఆక్సైడ్‌లను కూడా అధిక ఉష్ణోగ్రతలో కార్బన్ క్షయకరిస్తుంది.
- నైట్రైడ్ కూడా పూర్తిగా జడపదార్థమేమీ కాదు. పల్లాడియం వంటి లోహాలు శూన్యంలో బాగా వేడెక్కినప్పుడు దానిలోని సిలికాన్‌తో కలిసి సిలిసైడ్‌లుగా మారగలవు.

నమూనాలో జింకు, కాడ్మియం, గంధకం వంటి త్వరగా ఆవిరయ్యే మూలకాలు ఉంటే, మైక్రోస్కోపు బాధ్యులకు ముందే చెప్పి అనుమతి తీసుకోండి. ఆ ఆవిరి మీ చిప్‌తో ఆగదు. మైక్రోస్కోపు స్తంభం (పుంజం ప్రయాణించే గొట్టం) లోపలి భాగాల మీద పేరుకుని తరువాత వచ్చేవారి పనిని పాడుచేస్తుంది.

2. చిప్‌ను పట్టుకోవడం, శుభ్రం చేయడం

ఇప్పటిదాకా నేను పాడుచేసిన చిప్‌లలో ఎక్కువ భాగం మైక్రోస్కోపులో పోలేదు, పట్టకారు కొన దగ్గర పోయాయి. ఎంత నెమ్మదిగా పట్టుకున్నా కొన పొర వైపుకు జారితే ఆ చిప్ పని అయిపోయినట్టే.

- చిప్‌ను ఎప్పుడూ చట్రం అంచుల దగ్గరే పట్టుకోవాలి. కొన చదునుగా ఉన్న పట్టకారు మంచిది.
- మణికట్టుకు భూసంపర్క పట్టీ కట్టుకోవాలి. పొడి వాతావరణంలో ఒంటి మీద చేరే స్థిర విద్యుత్తు సన్నని హీటర్ తీగను ఒక్క క్షణంలో కాల్చివేయగలదు.
- అల్ట్రాసోనిక్ తొట్టెలో చిప్‌ను ఎన్నడూ వేయరాదు.
- గాలి గొట్టాన్ని పొర మీదికి నేరుగా తిప్పరాదు. ఆరబెట్టాలంటే చట్రం అంచు నుంచి వడపోత కాగితంతో ద్రవాన్ని పీల్చాలి.
- వాడకముందు ఆప్టికల్ మైక్రోస్కోపులో పొర చెక్కుచెదరకుండా ఉందో లేదో చూసి, ఫొటో తీసి పెట్టుకోవాలి.

కొన్ని రకాల చిప్‌లు పొర మీద రక్షణగా ఫొటోరెసిస్టు (కాంతికి స్పందించే ఒక పాలిమర్) పూతతో వస్తాయి. దాన్ని అసిటోన్‌లో కొన్ని నిమిషాలు ఉంచి, ఆరిపోనీయకుండా వెంటనే మెథనాల్‌లోకి మార్చి తొలగించాలి. మధ్యలో అసిటోన్ ఆరిపోతే, కరిగిన పూత మరకగా మళ్ళీ అంటుకుంటుంది. మీ చిప్ మీద ఈ పూత ఉందో లేదో తయారీదారు పత్రంలో చూడండి, ఊహించవద్దు.

తరువాత కొన్ని సెకన్ల పాటు ప్లాస్మాలో శుభ్రం చేస్తే మిగిలిన సేంద్రియ మలినాలు పోతాయి, చుక్క కూడా ఉపరితలమంతా సమంగా పరుచుకుంటుంది. అయితే ఆక్సిజన్ ప్లాస్మా కార్బన్ పొరను తినివేస్తుంది. కార్బన్ కిటికీ ఉన్న చిప్‌కు ఈ మెట్టును వదిలివేయండి.

3. నమూనాను చిప్ మీదికి చేర్చడం

3.1 పొడి, కణాలు

కణాలను ఇథనాల్ వంటి ఆవిరయ్యే ద్రవంలో కలిపి, ఆ మిశ్రమాన్ని అల్ట్రాసోనిక్ తొట్టెలో ఉంచి విడదీయాలి. మొదటిసారి చేసేవారు దాదాపు అందరూ చిక్కని మిశ్రమం తీసుకుంటారు. కంటికి రంగు లీలగా మాత్రమే కనిపించేంత పలుచగా ఉంటే సరిపోతుంది. చిక్కగా వేస్తే కణాలు గుంపులుగా పేరుకుని, ఏ కణం ఏ కణంతో కలిసిందో చెప్పలేని స్థితి వస్తుంది.

ఒక మైక్రోలీటరులో సగానికి మించని చుక్కను హీటర్ ప్రాంతం మీదికి వదలాలి. పైపెట్ కొన ద్రవాన్ని మాత్రమే తాకించాలి, పొరను తాకరాదు. చుక్క విద్యుత్ సంపర్కాల మీదికి పారితే, వాహక కణాలు అక్కడ చేరి షార్ట్ అవుతుంది. అలా పారిన చుక్కను వడపోత కాగితంతో వెంటనే తుడవాలే గాని, "ఆరితే సరిపోతుంది" అనుకోరాదు. అసలు చిప్ మీద వేయకముందు అదే మిశ్రమాన్ని మామూలు కార్బన్ గ్రిడ్ మీద వేసి చూసుకుంటే చిప్‌లు మిగులుతాయి.

కణాలను తయారుచేసేటప్పుడు వాడిన సర్ఫాక్టెంట్లు (కణాలు అతుక్కోకుండా వాటిని కప్పి ఉంచే సేంద్రియ పదార్థాలు) మిగిలివుంటే, పుంజం కింద అవి నల్లని కార్బన్ మచ్చగా మారతాయి. సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, ద్రవాన్ని మార్చి, కనీసం రెండు మూడుసార్లు కడగండి. ఈ మెట్టును దాటవేసినవారే తరువాత "కాలుష్యం ఎందుకు వస్తోంది" అని అడుగుతుంటారు.

3.2 ఫోకస్డ్ అయాన్ బీమ్‌తో కోసిన లామెల్లా

ఫోకస్డ్ అయాన్ బీమ్ అంటే సన్నని అయాన్ పుంజంతో, సాధారణంగా గాలియం అయాన్లతో, పదార్థాన్ని చెక్కే పరికరం. దానితో ఘన పదార్థం నుంచి లామెల్లా (ఎలక్ట్రాన్లు దాటగలిగేంత పలుచని రేకు) కోసి చిప్ మీద పెట్టడం ఈ మొత్తం వ్యవహారంలో అత్యంత నైపుణ్యం కోరే పని. ఇక్కడ తొందరపడితే మిగిలినదంతా వృథా.

మొదటిది స్థానం. లామెల్లాను హీటర్ నడిమధ్య కిటికీ మీదే పెట్టాలి. అంచు వైపు వెళ్ళేకొద్దీ ఉష్ణోగ్రత తగ్గుతుంది కనుక, అక్కడ పెట్టిన నమూనాకు తెరపై కనిపించే అంకె వర్తించదు.

రెండవది అతుకు. రెండు కొనలనూ గట్టిగా అతికిస్తే, లామెల్లా, పొర వేర్వేరు రేటున వ్యాకోచించడం వల్ల లామెల్లా వంగిపోతుంది. ఆ వంపు వల్ల పుట్టిన ఒత్తిడిని పదార్థ స్వభావంగా పొరబడే ప్రమాదం ఉంది. ఒక కొనను మాత్రమే గట్టిగా అతికించి, రెండవ కొనను స్వేచ్ఛగా వదలడం మేలు. అయితే లామెల్లా కిటికీ చుట్టూ ఉన్న ఉపరితలానికి ఆనుకుని ఉండాలి, లేకపోతే దానికి వేడి సరిగా అందదు.

మూడవది అతికించే పదార్థం. అయాన్ పుంజంతో నిక్షేపించిన ప్లాటినం స్వచ్ఛమైన ప్లాటినం కాదు. అందులో కార్బన్, గాలియం కలిసివుంటాయి. బాగా వేడెక్కినప్పుడు అది చిన్న చిన్న బిందువులుగా విడిపోయి లామెల్లా మీదికి పాకుతుంది. అధిక ఉష్ణోగ్రత ప్రయోగాలలో అతుకును చూసే ప్రాంతానికి వీలైనంత దూరంగా, వీలైనంత చిన్నదిగా ఉంచాలి. ఆ అతుకు రెండు హీటర్ తీగలను కలిపేలా ఎక్కడా పరుచుకోకూడదు.

నాలుగవది గాలియం. గాలియం 29.8 డిగ్రీల సెల్సియస్ దగ్గరే కరుగుతుంది, అల్యూమినియం రేణువుల సరిహద్దుల్లోకి చొరబడి లోహాన్ని పెళుసుగా మారుస్తుంది. అల్యూమినియం మిశ్రమలోహాలను గాలియంతో కోసి వేడిచేస్తే, మీరు చూసేది గాలియం ప్రవర్తన కావచ్చు. జినాన్ ప్లాస్మా అయాన్ పుంజం అందుబాటులో ఉంటే అదే వాడండి. లేనిపక్షంలో చివరి పలుచన పనిని 5, ఆపై 2 కిలోవోల్టుల తక్కువ శక్తితో చేసి దెబ్బతిన్న పొరను తగ్గించండి.

లామెల్లాను పెట్టిన తరువాత చిప్ మీదే పలుచన చేస్తుంటే, అయాన్ పుంజాన్ని ఒక్కసారి కూడా హీటర్ తీగ మీదికి గాని, నైట్రైడ్ కిటికీ మీదికి గాని పోనీయరాదు. తీగ కొంచెం అరిగినా దాని నిరోధం మారి, తయారీదారు ఇచ్చిన ఉష్ణోగ్రత లెక్క చెల్లకుండా పోతుంది.

4. హోల్డర్‌లో అమర్చడం, విద్యుత్ తనిఖీ

హోల్డర్‌లో (చిప్‌ను మైక్రోస్కోపులోకి తీసుకెళ్ళే కడ్డీలో) చిప్ పెట్టి బిగించాక నేరుగా మైక్రోస్కోపు దగ్గరికి వెళ్ళవద్దు. ముందు నిరోధం కొలవాలి, ఎందుకంటే హీటర్ నిరోధాన్ని బట్టే దాని ఉష్ణోగ్రతను లెక్కకడతారు. చాలా చిప్‌లకు నాలుగు సంపర్కాలు ఎందుకుంటాయో ఒక లెక్కతో అర్థమవుతుంది.

హీటర్ నిరోధం గది ఉష్ణోగ్రతలో 100 ఓమ్‌లు అనుకుందాం. ప్రతి డిగ్రీకి అది 0.3 శాతం చొప్పున పెరుగుతుందనుకుంటే, ఒక డిగ్రీ అంటే 0.3 ఓమ్. ఇక సంపర్కాల దగ్గర మురికి వల్ల మరో 5 ఓమ్‌లు కలిసాయనుకోండి. రెండు తీగలతో కొలిస్తే ఆ 5 ఓమ్‌లు కూడా హీటర్ ఖాతాలోనే పడి, దాదాపు 17 డిగ్రీల తేడా వస్తుంది. నాలుగు తీగల పద్ధతిలో రెండు తీగలు విద్యుత్తును పంపుతాయి, మరో రెండు హీటర్ కొనల మధ్య వోల్టేజీని మాత్రమే కొలుస్తాయి. సంపర్క నిరోధం లెక్కలోకి రాదు.

మైక్రోస్కోపు దగ్గరికి వెళ్ళకముందు చూసుకోవలసినవి:

- నిరోధం తయారీదారు ఆ చిప్‌కు ఇచ్చిన విలువకు దగ్గరగా ఉందా?
- హోల్డర్‌ను మెల్లగా కదిపినప్పుడు అంకె ఎగిరిపడుతోందా? ఎగిరిపడితే సంపర్క సూదులు మురికిగా ఉన్నట్టు, లేదా వంగినట్టు.
- హీటర్‌కు, హోల్డర్ లోహానికి మధ్య షార్ట్ ఉందా?
- చిప్‌కు సంబంధించిన కాలిబ్రేషన్ ఫైలు (నిరోధాన్ని ఉష్ణోగ్రతగా మార్చే లెక్క) ఈ చిప్‌దేనా, పోయినసారి వాడినదా?

ఆఖరి అంశం వింతగా అనిపించవచ్చు గాని, పాత ఫైలుతో రోజంతా పనిచేసి, సాయంత్రం ఉష్ణోగ్రతలన్నీ తప్పని తెలుసుకున్న అనుభవం నాకుంది.

కొలతకు చాలా తక్కువ విద్యుత్ ప్రవాహాన్నే వాడాలి. గాలిలో ఉండగా హీటర్‌ను ఎక్కువగా వేడిచేయరాదు. లోహపు తీగ ఆక్సీకరణ చెందుతుంది.

5. మైక్రోస్కోపులోకి

హోల్డర్‌ను లోపలికి పంపే ముందు కోల్డ్ ట్రాప్‌ను (మలిన ఆవిరులను చల్లదనంతో పట్టేసే భాగాన్ని) ద్రవ నత్రజనితో నింపండి. ఓ-రింగ్ (గాలి చొరబడకుండా ఉంచే రబ్బరు వలయం) మీద నూలుపోగు లేదని చూడండి. హోల్డర్ ఏ వంపు కోణం వరకు పోల్‌పీస్‌కు (నమూనాకు చేరువగా ఉండే కటకపు లోహ భాగానికి) తగలకుండా తిరుగుతుందో ముందే తెలుసుకోండి. చిప్ హోల్డర్ల కొన మామూలు హోల్డర్ కొన కంటే మందంగా ఉండవచ్చు.

లోపలికి వెళ్ళాక శూన్యం స్థిరపడే దాకా ఆగండి. హోల్డర్, గోనియోమీటర్ (హోల్డర్‌ను పట్టి కదిపే, వంచే యంత్రభాగం) ఒకే ఉష్ణోగ్రతకు వచ్చేందుకు అరగంట పట్టడం మామూలే. ఈలోగా చూడవలసిన ప్రాంతాన్ని తక్కువ మాగ్నిఫికేషన్‌లో వెతికి, నమూనాను యూసెంట్రిక్ ఎత్తుకు (హోల్డర్‌ను వంచినా బొమ్మ పక్కకు జరగని ఎత్తుకు) తెచ్చుకోవచ్చు.

ఇక్కడే ఒక మ్యాపు తీసి పెట్టుకోండి. ఏ కిటికీలో ఏ ప్రాంతాన్ని వేడిచేస్తూ చూడబోతున్నారు, ఏ ప్రాంతాన్ని పుంజం తాకకుండా ఉంచబోతున్నారు అన్నది ఆ మ్యాపులో గుర్తుపెట్టాలి. ఈ రెండవ ప్రాంతం లేని ప్రయోగానికి నా దృష్టిలో విలువ లేదు. చివర్లో ఆ ప్రాంతాన్ని ఒకే ఒక్క బొమ్మ తీసి, చూస్తూ వేడిచేసిన ప్రాంతంతో పోల్చాలి. రెండూ ఒకేలా మారితే మార్పు వేడిది. తేడా ఉంటే పుంజం చేయి ఉన్నట్టే.

6. పుంజం మోతాదు లెక్క

"తక్కువ మోతాదులో చూశాను" అన్న మాటకు అంకె లేనిదే అర్థం లేదు. మోతాదు అంటే నమూనాలో ఒక్కో చదరపు ఆంగ్‌స్ట్రాము (ఆంగ్‌స్ట్రాము అంటే నానోమీటరులో పదో వంతు) మీద పడిన ఎలక్ట్రాన్ల సంఖ్య. లెక్క కష్టమేమీ కాదు.

ఒక నానోఆంపియర్ ప్రవాహం అంటే సెకనుకు దాదాపు 624 కోట్ల ఎలక్ట్రాన్లు. ఈ పుంజాన్ని ఒక మైక్రోమీటరు వ్యాసమున్న వృత్తం మీద పరిచామనుకోండి. ఆ వృత్తం వైశాల్యం సుమారు 7.85 కోట్ల చదరపు ఆంగ్‌స్ట్రాములు. భాగిస్తే, చదరపు ఆంగ్‌స్ట్రాముకు సెకనుకు దాదాపు 80 ఎలక్ట్రాన్లు పడుతున్నట్టు. పది నిమిషాలు వదలకుండా చూస్తే మొత్తం మోతాదు 48,000 అవుతుంది. పుంజం వ్యాసాన్ని రెట్టింపు చేస్తే మోతాదు నాలుగో వంతుకు తగ్గుతుంది.

- ప్రవాహాన్ని తెర మీద కనిపించే అంచనాతో కాక, ఫారడే కప్పుతో (ఎలక్ట్రాన్లను పట్టి ప్రవాహాన్ని కొలిచే చిన్న గిన్నెతో) గాని, కాలిబ్రేట్ చేసిన కెమెరాతో గాని, నమూనా లేని చోట కొలవాలి.
- ఉష్ణోగ్రత స్థిరపడే దాకా పుంజాన్ని ఆపి ఉంచాలి. బొమ్మ కావలసిన క్షణంలోనే తెరవాలి.
- ఒకే ఉష్ణోగ్రతలో వేర్వేరు ప్రాంతాల మీద రెండు వేర్వేరు మోతాదులతో ప్రయోగం చేసి, మార్పు వేగం మోతాదును బట్టి మారుతోందేమో చూడాలి.

వోల్టేజీ కూడా లెక్కలోకి వస్తుంది. అల్యూమినియంలో పరమాణువులను వాటి స్థానం నుంచి తన్నివేయడానికి సుమారు 170 కిలోవోల్టులు సరిపోతాయి కనుక, 200 కిలోవోల్టుల వద్ద గంటల కొద్దీ చూస్తే లోపాలు పుంజమే పుట్టిస్తుంది. రాగికి ఆ హద్దు దాదాపు 400 కిలోవోల్టులు. వోల్టేజీని నిర్ణయించేముందు మీ పదార్థానికి హద్దు ఎంతో చూసుకోండి.

7. వేడిచేసే క్రమం, ఉష్ణోగ్రతను నమ్మడం

నేను పాటించే వరుస ఇది.

మొదట పుంజాన్ని ఆపి, 150 నుంచి 200 డిగ్రీల వరకు నెమ్మదిగా తీసుకెళ్ళి కొన్ని నిమిషాలు ఉంచుతాను. ఉపరితలం మీది నీరు, హైడ్రోకార్బన్‌లు చాలావరకు ఎగిరిపోతాయి, తరువాత కార్బన్ మచ్చలు తగ్గుతాయి. మీ నమూనా ఆ ఉష్ణోగ్రతలోపే మారేదైతే ఈ మెట్టు వదిలివేయాలి.

రెండవది, అసలు ఉష్ణోగ్రతకు ఒక్కసారిగా ఎగరకుండా, మొదటి ప్రయోగంలో 50 డిగ్రీల మెట్లతో వెళ్తాను. మార్పు ఎక్కడ మొదలవుతుందో తెలిశాక, రెండవ చిప్ మీద ఆ చుట్టుపక్కల 10 డిగ్రీల మెట్లతో వెళ్తే చాలు.

మూడవది, ప్రతి మెట్టు దగ్గర నమూనా ఎత్తును సరిచేస్తాను. వేడెక్కినప్పుడు పొర ఉబ్బుతుంది, నమూనా కొన్ని మైక్రోమీటర్లు పైకో కిందికో జరుగుతుంది. చాలామంది కటకం ఫోకస్ మార్చి సరిపెట్టుకుంటారు. అలా చేస్తే మాగ్నిఫికేషన్ లెక్క కూడా జరిగిపోయి, కణాల పరిమాణంలో దొంగ మార్పు కనిపిస్తుంది. గోనియోమీటర్ ఎత్తును మార్చడమే సరైన పద్ధతి.

ఇక నమ్మకం సంగతి. హీటర్ నియంత్రిక (కంట్రోలర్) చూపే అంకె హీటర్ తీగ సగటు ఉష్ణోగ్రత, నమూనాది కాదు. 20 డిగ్రీల తేడా అంత ముఖ్యమా అని అడిగేవారికి ఒక ఉదాహరణ: క్రియాశీలక శక్తి (ప్రక్రియ జరగడానికి దాటవలసిన శక్తి అడ్డంకి) 2 ఎలక్ట్రాన్‌వోల్టులున్న ప్రక్రియ 600 డిగ్రీల దగ్గర ఉంటే, 20 డిగ్రీలు పెరిగేసరికి దాని వేగం దాదాపు 1.8 రెట్లవుతుంది. ఆ వేగం నుంచి శక్తిని లెక్కకట్టాలనుకునేవారికి ఈ తేడా చిన్నది కాదు.

స్వతంత్రంగా సరిచూడటానికి కరిగే స్థానాలను వాడండి. ఇండియం 156.6, తగరం 231.9, అల్యూమినియం 660.3 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతాయి. డిఫ్రాక్షన్ చుక్కలు (స్ఫటిక క్రమం వల్ల తెరపై ఏర్పడే చుక్కలు) మాయమవడమే గుర్తు. ఇందులో మూడు చిక్కులు ఉన్నాయి. చిన్న కణాలు తక్కువ ఉష్ణోగ్రతలోనే కరుగుతాయి కనుక వంద నానోమీటర్లకు మించినవే తీసుకోవాలి. గడ్డకట్టే స్థానాన్ని వాడరాదు, ఎందుకంటే కరిగిన బిందువు తన గడ్డకట్టే స్థానం కంటే చాలా కిందికి చల్లారినా ద్రవంగానే ఉండగలదు. వెండిని దీనికి వాడాలనుకుంటే, అది శూన్యంలో తన కరిగే స్థానమైన 961.8 డిగ్రీలను చేరకముందే ఆవిరై కుంచించుకుపోతుందని గుర్తుంచుకోవాలి.

చిప్ చుట్టూ వాయువు ఉంటే పరిస్థితి మారిపోతుంది. వాయువు వేడిని లాగేస్తుంది కనుక, శూన్యంలో ఇంత శక్తికి ఇంత ఉష్ణోగ్రత అని రాసుకున్న పట్టిక అక్కడ చెల్లదు. నిరోధాన్ని స్థిరంగా ఉంచే పద్ధతినే వాడాలి.

8. ద్రవంలో పరిశీలించే చిప్‌లకు ప్రత్యేక జాగ్రత్తలు

ఇక్కడ రెండు చిప్‌లు ఎదురెదురుగా కూర్చుంటాయి. వాటి మధ్య కొన్ని వందల నానోమీటర్ల ఎడం ఉంచే దిమ్మెలు, చుట్టూ ఓ-రింగ్‌లు, లోపల ద్రవం. 25 డిగ్రీల దగ్గర నీటి ఆవిరి పీడనం దాదాపు 3.2 కిలోపాస్కల్. మైక్రోస్కోపు లోపలి పీడనం దానికంటే కోట్ల రెట్లు తక్కువ. కిటికీ పగిలితే ఏమవుతుందో దీన్నిబట్టే తెలుస్తుంది. అందుకే లీకు పరీక్ష చేయకుండా ఈ హోల్డర్‌ను మైక్రోస్కోపులో పెట్టడం క్షమించరాని తప్పు.

వరుస ఇలా ఉండాలి:

- రెండు చిప్‌లనూ ప్లాస్మాలో శుభ్రం చేసి, కిటికీలు నీటిని ఆకర్షించేలా చేయాలి. లేకపోతే లోపల గాలి బుడగ చిక్కుకుంటుంది.
- ఓ-రింగ్‌లను ఆప్టికల్ మైక్రోస్కోపు కింద చూడాలి. ఒక్క దుమ్ము కణం చాలు, చిప్ వాలి ఎడం పెరగడానికి.
- రెండు కిటికీలూ ఒకదానిపై ఒకటి వచ్చాయో లేదో సరిచూశాకే మూత బిగించాలి. మరలను ఒకదాని తరువాత ఒకటి కొంచెం కొంచెంగా బిగించాలి.
- విడిగా ఉన్న పంపింగ్ స్టేషన్‌లో, ద్రవం నిండిన హోల్డర్‌ను పెట్టి, ఖాళీ హోల్డర్‌తో వచ్చే పీడనానికే చేరుతోందో లేదో చూడాలి. చేరాక కూడా కనీసం పావుగంట గమనించాలి.

కిటికీ రెండువైపులా బయటికి ఉబ్బుతుంది కనుక, నడిమధ్య ద్రవం మందం దిమ్మెల ఎత్తు కంటే చాలా ఎక్కువ. స్పష్టత కావాలంటే కిటికీ మూలల్లో చూడండి. స్కానింగ్ విధానంలో (సన్నని పుంజాన్ని బిందువు బిందువుగా తిప్పే విధానంలో) పుంజం ప్రవేశించే వైపు కిటికీకి అంటుకున్న కణాలు స్పష్టంగా కనిపిస్తాయి. మామూలు విధానంలో పుంజం బయటికి వెళ్ళే వైపున ఉన్నవి స్పష్టంగా ఉంటాయి. హోల్డర్‌లో నమూనా ఏ చిప్ మీద ఉండాలో దీన్నిబట్టి ముందే నిర్ణయించుకోవాలి.

పుంజం నీటిని విచ్ఛిన్నం చేసి హైడ్రేటెడ్ ఎలక్ట్రాన్లు, హైడ్రాక్సిల్ రాడికల్‌లు, హైడ్రోజన్, హైడ్రోజన్ పెరాక్సైడ్ పుట్టిస్తుంది. వెండి అయాన్ల ద్రావణంలో మీ కళ్ళ ముందే కణాలు పెరుగుతుంటే, వాటిని పెంచుతున్నది ఈ ఎలక్ట్రాన్లే కావచ్చు. 5వ భాగంలో చెప్పిన పుంజం తాకని ప్రాంతం ఇక్కడ పూర్తిగా పనికిరాదు. పుట్టిన రాడికల్‌లు ద్రవంలో వ్యాపించి పక్క ప్రాంతాన్ని కూడా మారుస్తాయి. అసలు పుంజమే తాకని వేరే చిప్ జతను అదే ద్రావణంతో, అంతే సేపు ఉంచి, చివర్లో తెరిచి చూడటమే నమ్మదగిన పోలిక.

9. రికార్డింగ్

4,096 గడులు పొడవు, అంతే వెడల్పు ఉన్న 16 బిట్ల బొమ్మ ఒక్కొక్కటి దాదాపు 33.5 మెగాబైట్లు. సెకనుకు 40 తీస్తే 1.3 గిగాబైట్లకు పైనే. పది నిమిషాలకు దాదాపు 800 గిగాబైట్లు. డిస్కులో చోటు లేదని ప్రయోగం మధ్యలో తెలుసుకోవడం కంటే, గడులను రెండేసి చొప్పున కలిపి తీయడమో, వేగం తగ్గించడమో ముందే నిర్ణయించుకోవడం మేలు.

కెమెరా గడియారం, ఉష్ణోగ్రత నియంత్రిక గడియారం ఒకటే సమయం చూపుతాయని అనుకోవద్దు. నేను వాడే చిట్కా ఒకటి చెబుతాను. రికార్డింగ్ మొదలవగానే, నమూనాకు హాని కలగనంత చిన్న ఉష్ణోగ్రత మెట్టు ఒకటి ఇస్తాను. పొర ఉబ్బడం వల్ల బొమ్మ ఒక్కసారి ఉలిక్కిపడినట్టు జరుగుతుంది. వీడియోలో ఆ క్షణాన్ని, నియంత్రిక లాగ్‌లో ఆ మెట్టును జతచేస్తే రెండు గడియారాలూ కలిసిపోతాయి. చివర్లో కూడా ఇదే చేస్తే, మధ్యలో ఒక గడియారం వెనుకబడిందేమో తెలుస్తుంది.

10. తరచు ఎదురయ్యే సమస్యలు, సరిచేసే మార్గాలు

నిరోధం అనంతంగా చూపుతోంది: ముందుగా సంపర్క సూదులను చూడండి, చిప్‌ను తీసి మళ్ళీ పెట్టండి. అప్పటికీ అంతే అయితే తీగ తెగింది. ఆ చిప్‌ను లామెల్లా అమరిక సాధన చేయడానికి వాడుకోవచ్చు.

నిరోధం ఉండవలసిన దానికంటే బాగా తక్కువ: సంపర్కాల మధ్య వాహక కణాలు గాని, ప్లాటినం నిక్షేపం గాని చేరింది. వేడిచేసి సరిచేయాలని ప్రయత్నించవద్దు, ఉష్ణోగ్రత అంకె పూర్తిగా తప్పుతుంది.

బొమ్మ ఒకే దిశలో జరుగుతూనే ఉంది: చిప్ సరిగా కూర్చోలేదు, లేదా హోల్డర్ ఇంకా స్థిరపడలేదు. మెట్టు మార్చాక ఒక నిమిషం తరువాత కూడా ఆగకపోతే, బయటికి తీసి బిగింపు చూడండి.

చూసిన చోట చతురస్రాకారపు నల్లని మచ్చ: కాలుష్యం. నమూనాను మళ్ళీ కడగడమే శాశ్వత పరిష్కారం. ఎక్కువ ప్రాంతం మీద పుంజాన్ని పరిచి కొంతసేపు ఉంచడం తాత్కాలికంగా పనిచేస్తుంది గాని, ఆ మోతాదును కూడా లెక్కలో రాయాలి.

కణాలు పుంజం కిందే కదులుతున్నాయి, పక్కన నిశ్చలంగా ఉన్నాయి: మోతాదు రేటును పదోవంతుకు తగ్గించి మళ్ళీ చూడండి.

ద్రవంలో బుడగలు: మోతాదు రేటు ఎక్కువైంది. పుంజాన్ని ఆపి, ద్రవాన్ని ప్రవహింపజేసి, తక్కువ రేటుతో మొదలుపెట్టండి.

11. బయటికి తీయడం

హీటర్‌ను గది ఉష్ణోగ్రతకు తెచ్చి, నిరోధాన్ని మళ్ళీ కొలవండి. ప్రయోగానికి ముందు రాసుకున్న విలువతో అది సరిపోలకపోతే, మధ్యలో ఎప్పుడో తీగ మారిందన్నమాట. అప్పుడు ఆ ప్రయోగంలోని ఉష్ణోగ్రతలన్నిటి పక్కన ఒక ప్రశ్నార్థకం పెట్టాలి.

తరువాత పుంజం తాకని ప్రాంతాన్ని బొమ్మ తీయండి. అలసటలో ఎక్కువమంది మరచిపోయేది ఇదే. చిప్‌ను పెట్టెలో పెట్టి, దాని మీద చిప్ సంఖ్య, తేదీ, చేరిన గరిష్ఠ ఉష్ణోగ్రత, మొత్తం మోతాదు, ప్రయోగానికి ముందు, తరువాత కొలిచిన నిరోధాలు రాయండి. పారవేయవద్దు. రెండు నెలల తరువాత ఎవరైనా సందేహం లేవనెత్తినప్పుడు, మళ్ళీ తెరిచి చూడగలిగే సాక్ష్యం ఆ చిప్పే.